షుగర్ లేని అమ్మాయికి షుగర్ మాత్ర ఎందుకు?

పోయిన నెల థైరాయిడ్ గురించి రాశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పీసీఓడీ గురించే ఉన్నాయి. అండం సరిగ్గా విడుదల కాక నెలసరి తప్పే జబ్బు ఇది, పీసీఓఎస్ అన్నా ఇదే. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేశాను. కొత్తగా చదివేవాళ్లకు ఒక మాట. నేను మందుల చీటీ రాసే డాక్టర్ని కాను. ముప్పై ఏళ్లు హైదరాబాదులో వైద్య విద్యార్థులకు బయోకెమిస్ట్రీ పాఠం చెప్పాను. ఒక మందు ఒంట్లోకి వెళ్లి ఏ కణం తలుపు తడుతుందో, లోపల ఎవరు పలుకుతారో చెప్పగలను. మాత్ర మొదలుపెట్టాలా, మానాలా అన్నది మాత్రం మీరూ మీ డాక్టరుగారూ కూర్చుని తేల్చుకోవాలి.

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. ఆరు నెలల్లో రెండుసార్లే డేట్ వచ్చింది. గడ్డం కింద వెంట్రుకలు వస్తున్నాయి. స్కానింగులో రెండు అండాశయాల్లోనూ నీటి బుడగలున్నాయన్నారు. నా బరువు 51 కిలోలే, పరగడుపు షుగర్ 88. అయినా మెట్‌ఫార్మిన్ రాశారు. అది మా నాన్న వేసుకునే షుగర్ మాత్ర. హాస్టల్లో చూసినవాళ్లంతా "నీకు షుగరా?" అని అడుగుతుంటే సిగ్గేసి మానేశాను. తప్పు చేశానా?

జవాబు: మానేసిన సంగతి ముందు మీ డాక్టరుగారికి చెప్పు బిడ్డా. సిగ్గుపడాల్సింది ఇందులో ఏమీ లేదు. ఆ మాత్ర ఎందుకు రాశారో నీకు ఎవరూ విడమరిచి చెప్పలేదు, అంతే.

మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. తార్నాకలో మాది నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్. వాడేది బోరు నీళ్లు. ఏళ్ల తరబడి సున్నం పేరుకుని పై అంతస్తు పైపులు సగానికి పూడుకుపోయాయి. బకెట్ నిండాలంటే పావుగంట పట్టేది. పైపులు మార్చాలంటే ఖర్చని కమిటీవాళ్లు మిద్దె మీద ప్రెషర్ పంపు బిగించారు. పై వాళ్ల బకెట్ మళ్లీ మామూలుగా నిండింది. అందరం హమ్మయ్య అనుకున్నాం. వారం తిరక్కముందే కింది అంతస్తులో సింకు కింద జాయింటు ఊడి వంటిల్లంతా నీళ్లు. కిందివాళ్ల పైపుల్లో సున్నం లేదు. అందుకే పంపు ఒత్తిడంతా నేరుగా వాళ్ల మీదే పడింది.

నీ ఒంట్లో పై అంతస్తు అంటే కండరాలు. కింది అంతస్తు అండాశయం. పంపు అంటే ఇన్సులిన్ తయారుచేసే క్లోమం. ఆ నిండిన బకెట్టే నీ 88. బకెట్ నిండుతోంది కాబట్టి అంతా బాగుందనుకుంటాం. అది నిండటానికి పంపు ఎంత ఒత్తిడితో తిరుగుతోందో షుగర్ పరీక్షలో కనిపించదు. ఇన్సులిన్ ఎక్కువై, దాని బలంతో షుగర్ మామూలుగా ఉండే రోజులు ఏళ్లపాటు సాగుతాయి.

ఇక పూడిక ఎక్కడుందో చూద్దాం. ఇన్సులిన్ కబురు మోసుకొచ్చేది కణం పైపొర దాకానే. అక్కడ రిసెప్టర్ అనే, కబురందుకునే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. పట్టుకోగానే ఆ రిసెప్టర్ లోపలి కొసలో టైరోసిన్ అనే అమైనో ఆమ్లాల మీద ఫాస్ఫేట్ ముక్కలు అతుక్కుంటాయి. కబురు మొదలైందనడానికి అదే గుర్తు. అక్కణ్ణుంచి ఐఆర్ఎస్ అనే ప్రోటీన్, దాన్నుంచి పీఐ3కె, దాన్నుంచి ఏకేటీ. ఒకటి అందుకుని ఇంకోదానికి అందిస్తుంది. చివరికి గ్లట్-4 అనే ప్రోటీన్లు, అప్పటిదాకా కణం లోపల చిన్న చిన్న సంచుల్లో ఉన్నవి, పైపొరకు చేరి గ్లూకోజును లోపలికి తీసుకుంటాయి.

ఆ ఫాస్ఫేట్ ముక్క ఎక్కణ్ణుంచి వచ్చింది? కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి. ఇక్కడ భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోకుండా నేను ముందుకు పోలేను. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఆయన ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ఇచ్చారు. 1929లో కండరంలో ఏటీపీ ఉందని ఇద్దరూ చూపించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనిపెట్టాడు. ఆ ఫాస్ఫరస్ పద్ధతిని ఏటా ఫస్టియర్ పిల్లల చేత చేయించేదాన్ని. పరీక్షనాళికలో నీలం రంగు మెల్లగా లేచేది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే నీలం అంత ముదురు. పిల్లలు నాళికల్ని కిటికీ వెలుతురుకెత్తి పోల్చుకుంటుంటే, "మీ ఒంట్లో ప్రతి కణం ఇదే ముక్కతో మాట్లాడుకుంటుంది" అని చెప్పేదాన్ని.

మాట తప్పేదీ ఆ ముక్క దగ్గరే. ఫాస్ఫేట్ టైరోసిన్ మీద పడితే కబురు సాగుతుంది. రిసెప్టర్లోనే ఉండే సీరిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం మీద పడితే కబురు నీరుగారిపోతుంది. అమెరికాలో ఆండ్రియా డునైఫ్ బృందం ఈ జబ్బున్న ఆడవాళ్ల చర్మకణాల్ని ల్యాబులో పెంచి చూసింది. దాదాపు సగం మంది కణాల్లో సీరిన్ మీద ఫాస్ఫేట్ ఉండాల్సినదానికన్నా ఎక్కువ కనిపించింది. 1995 నాటి సంగతి ఇది. అంతకుముందే 1989లో ఆవిడ బృందం ఇంకొకటి తేల్చింది. సన్నగా ఉన్న పీసీఓఎస్ అమ్మాయిల్లోనూ, అంతే బరువున్న మామూలు అమ్మాయిలతో పోలిస్తే, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదు. లావుంటే అది ఇంకా ముదురుతుంది. సన్నగా ఉన్నంత మాత్రాన లేదని మాత్రం చెప్పలేం. నీ 51 కిలోల ప్రశ్నకు జవాబు ఇదే.

అండాశయంలో హార్మోన్ల దారికి ఈ పూడిక లేదు. గ్లూకోజు దారి మూసుకుపోయినా, హార్మోన్లు తయారుచేయించే దారి తెరిచే ఉంటుంది. అండాన్ని పెంచే చిన్న సంచిని అండపుటిక అంటాం, దాని చుట్టూ థీకా కణాలనే పొర ఉంటుంది. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి పంపే ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఆ కణాల్లో సైక్లిక్ ఏఎంపీ అనే దూతను లేపి మగ హార్మోన్లు తయారుచేయిస్తుంది. ఇది ప్రతి ఆడమనిషిలో జరిగేదే. ఆ మగ హార్మోన్ నుంచే పక్కనున్న గ్రాన్యులోసా కణాలు ఈస్ట్రోజెన్ చేసుకుంటాయి. కానీ ఎల్‌హెచ్‌కు తోడు ఇన్సులిన్ కూడా వరదలా వచ్చి పడితే థీకా కణాలు మోతాదు మించి పనిచేస్తాయి. అదే సమయంలో కాలేయంలో ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్ తయారీని ఇన్సులిన్ తగ్గిస్తుంది. టెస్టోస్టెరాన్‌ను పట్టి ఉంచే ప్రోటీన్ అది. పట్టేది తగ్గితే విడిగా తిరిగే టెస్టోస్టెరాన్ పెరుగుతుంది. నీ గడ్డం కింద వెంట్రుకల దాకా వచ్చింది ఆ విడి హార్మోనే.

స్కానింగులో చూపించిన "నీటి బుడగలు" బుడగలు కావు, గడ్డలు అసలే కావు. 2 నుంచి 9 మిల్లీమీటర్ల దగ్గర ఎదుగుదల ఆగిపోయిన అండపుటికలు. మామూలుగా నెలనెలా వాటిలో ఒకటి ముందుకెళ్లి పెద్దదై అండాన్ని వదులుతుంది. నీకు ఏదీ ముందుకెళ్లడం లేదు కాబట్టి అన్నీ అంచున వరుసగా నిలబడ్డాయి. వాటిని సూదితో తీయించుకోవాలా, కోయించుకోవాలా అని చాలామంది రాస్తున్నారు. అక్కర్లేదు.

మెట్‌ఫార్మిన్ చేసేది పంపు ఒత్తిడి తగ్గించడం. కాలేయం రక్తంలోకి వదిలే గ్లూకోజు తగ్గితే క్లోమానికి అంత ఇన్సులిన్ పంపాల్సిన పని ఉండదు. అప్పుడు అండాశయం మీద వరద తగ్గుతుంది. మొదట్లో కడుపులో తిప్పుతుంది కాబట్టి భోజనంతో వేసుకోమంటారు. ఏళ్లపాటు వాడితే బి12 తగ్గవచ్చు, ఆ పరీక్ష కూడా అడుగు. పిల్లల కోసం ఇప్పుడే అనుకోని అమ్మాయిలకు నెలసరి సర్దడానికీ, వెంట్రుకలు తగ్గడానికీ గర్భనిరోధక మాత్రలే ముందు రాస్తారు. నీకు ఏది తగునో, రెండూ కావాలో అడిగి తెలుసుకో. హాస్టల్లో అడిగినవాళ్లకు పంపు కథ చెప్పు.

ప్రశ్న: ఉప్పల్లో ఉంటాం. మా పాపకు 15 ఏళ్లు, పన్నెండో ఏట పెద్దమనిషి అయింది. రెండు నెలలకోసారి వస్తోంది. స్కానింగు సెంటర్లో పీసీఓడీ అని రాసిచ్చారు. నేను చికెన్ ఎక్కువ పెట్టడం వల్లే వచ్చిందని మా అత్తగారు. త్వరగా పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుందని మా ఆడబిడ్డ. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ఆ స్కానింగు కాగితాన్ని పక్కన పెట్టండి. పెద్దమనిషి అయిన ఎనిమిదేళ్ల దాకా స్కానింగు చూసి పీసీఓఎస్ అని తేల్చకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ వయసు పిల్లల అండాశయాల్లో చిన్న చిన్న పుటికలు నిండుగా ఉండటం మామూలే. పెద్దవాళ్లలో స్కానింగుకు బదులు, చిన్న అండపుటికలు వదిలే ఏఎంహెచ్ అనే హార్మోన్‌ను కొలిచే రక్తపరీక్ష వాడవచ్చని 2023 మార్గదర్శకాల్లో చేర్చారు. పిల్లలకు అదీ వద్దన్నారు. ఈ వయసులో రెండూ కలిసి ఉంటేనే ఆ పేరు పెట్టాలి: నెలసరి తప్పుతూ ఉండటం, మగ హార్మోన్లు ఎక్కువైన గుర్తులు కనిపించడం. అంటే గడ్డం, పైపెదవి మీద ముతక వెంట్రుకలు, తగ్గని మొటిమలు, లేదా రక్తంలో టెస్టోస్టెరాన్ ఎక్కువగా ఉండటం.

మొదటి ఏడాది నెలసరి ఎలా వచ్చినా కంగారు పడరు. మూడేళ్లు నిండేదాకా 45 రోజుల వరకు ఆగినా మామూలే. మూడేళ్లు దాటాక 35 రోజులకు మించితే చూపించాలి. మొదటి ఏడాది దాటాక ఎప్పుడైనా సరే, ఒక్కసారి 90 రోజులు దాటినా చూపించాలి. మీ పాపకు మూడేళ్లయింది, రెండు నెలలకోసారి వస్తోంది. కాబట్టి చూపించాల్సిన మాట నిజం. థైరాయిడ్, పాలు తెప్పించే ప్రొలాక్టిన్ హార్మోన్ కూడా చూస్తారు. మెడ వెనక నల్లగా, మందంగా మారిందేమో ఇంట్లో మీరే చూడండి. ఎంత రుద్దినా పోదది, మురికి కాదు. ఇన్సులిన్ ఎక్కువగా తిరుగుతోందనడానికి చర్మం చూపించే గుర్తు. చాలామంది తల్లులు పీచుతో తోమి తోమి పిల్లల్ని ఏడిపిస్తారు.

చికెన్ మాటకొస్తే, ఈ జబ్బుకు జన్యువుల వాటా పెద్దది. తల్లికో అక్కకో ఉన్న ఇంట్లో ఎక్కువగా కనిపిస్తుంది. మీ అత్తగారి వైపా, మీ వైపా అని ఆరా తీయకండి. ఇది ఒక్క జన్యువుతో వచ్చేది కాదు.

పెళ్లి గురించి మాత్రం నేను నెమ్మదిగా చెప్పలేను. 1981లో మా చెల్లికి 17 ఏళ్లు. మూడు నాలుగు నెలలకోసారి వచ్చేది. మా ఊళ్లో పేరున్న ఒక డాక్టరమ్మ నాడి పట్టి, "పెళ్లి చెయ్యండి, అదే సర్దుకుంటుంది" అంది. ఇంటర్ రెండో ఏడు మధ్యలో మానిపించి చేశారు. సర్దుకోలేదు. ఏడేళ్లు అత్తింట్లో గొడ్రాలనిపించుకుంది. పేరంటానికి పిలిచి బొట్టు పెట్టకుండా పంపేవాళ్లు. నలభై రెండో ఏట షుగర్ వచ్చింది. పెళ్లి చేసిన రోజున దాని కండరాల్లో ఇన్సులిన్ కబురు ఎక్కడ ఆగిపోయిందో, తాళి కట్టిన మర్నాడూ అక్కడే ఆగిపోయింది. పాపను చదివించండి. మీ ఆడబిడ్డకు ఈ పేజీ చూపించండి.

ప్రశ్న: ఉస్మానియాలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతున్నాను. పీసీఓఎస్ మీద ప్రాజెక్టు. ఏ వ్యాసం తెరిచినా కణంలో కబురు నడిచే ఒక్కో దారి పేరు చెబుతున్నారు: పీఐ3కె-ఏకేటీ, టీజీఎఫ్-బీటా, హిప్పో, ఎంటార్. వీటిలో అసలు మూలం ఏది మేడమ్?

జవాబు: ఒక్క మూలం కోసం వెతకడం మానుకుంటేనే ప్రాజెక్టు సాగుతుంది బాబూ. ఇది చుట్టు తిరిగే జబ్బు. మగ హార్మోన్ పెరిగితే, ప్రొజెస్టెరాన్ వేసే కళ్లేనికి మెదడు సరిగ్గా లొంగదు. పిట్యూటరీకి మెదడు పంపే జీఎన్ఆర్‌హెచ్ అనే హార్మోన్ విడతలు వేగమవుతాయి. వేగమైతే అండపుటికను పెంచే ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ కన్నా ఎల్‌హెచ్ ఎక్కువ విడుదలవుతుంది. ఎల్‌హెచ్ మళ్లీ థీకా కణాల చేత మగ హార్మోనే చేయిస్తుంది. ఈ చుట్టులో ఎక్కడ అడుగుపెట్టినా తిరిగి అక్కడికే వస్తావు.

నన్నడిగితే థీకా కణం దగ్గర నిలబడి చూడమంటాను. 2010లో చైనాలో హాన్ జాతి ఆడవాళ్ల జన్యువుల్ని జల్లెడ పట్టినప్పుడు మూడు చోట్లు పైకి తేలాయి. ఒకటి ఎల్‌హెచ్ రిసెప్టర్ జన్యువున్న చోటు, ఒకటి థాడా, ఇంకొకటి డెన్‌డి1ఎ. తర్వాత 2014లో జాన్ మెకాలిస్టర్ బృందం డెన్‌డి1ఎ జన్యువు చేసే ఒక పొట్టి రకం ప్రోటీన్‌ను మామూలు థీకా కణాల్లో ఎక్కువగా తయారయ్యేలా చేస్తే, ఆ కణాలు పీసీఓఎస్ కణాల్లా మగ హార్మోన్ ఎక్కువ చేయడం మొదలుపెట్టాయి. అంటే ఇన్సులిన్ వరద లేకపోయినా కొందరిలో థీకా కణం పుట్టుకతోనే దూకుడుది. ఇంకో ఆలోచన కూడా 1995 నుంచి ఉంది. రిసెప్టర్ మీద సీరిన్‌కు పడి కబురును ఆపే అదే ఫాస్ఫేట్, మగ హార్మోన్ చేసే పీ450సీ17 ఎంజైమ్‌లోని సీరిన్‌కు పడితే ఒక పనిని ఉరికిస్తుంది. రెంటినీ చేసే చెయ్యి ఒకటేనా అన్నది ఇంకా తేలలేదు. ప్రాజెక్టులో ఒక అధ్యాయానికి చాలినంత విషయముంది ఇందులో.

టీజీఎఫ్-బీటా కుటుంబం గురించి రాసేటప్పుడు ఏఎంహెచ్‌ను మరవకు. అది స్మాడ్ ప్రోటీన్ల దారిలో మాట్లాడుతుంది, అండపుటికకు ఎఫ్‌ఎస్‌హెచ్ మాట సరిగ్గా వినపడనివ్వదు. ఆగిపోయిన పుటికలు ఎన్ని ఎక్కువుంటే అంత ఏఎంహెచ్. అది మళ్లీ మిగతావాటిని ఆపుతుంది.

హిప్పో కథ మాత్రం తప్పకుండా రాయి. 1935లో షికాగోలో స్టెయిన్, లెవెంథాల్ అనే ఇద్దరు డాక్టర్లు ఏడుగురు ఆడవాళ్ల గురించి రాశారు. ఈ జబ్బుకు చాలాకాలం వాళ్ల పేరే ఉండేది. పెద్దవైన అండాశయాల్లోంచి పుచ్చకాయ ముక్క తీసినట్టు ఒక ముక్క కోసి తీసేస్తే ఆగిపోయిన నెలసరి తిరిగొచ్చింది. కోస్తే ఎందుకు తిరిగొస్తుందో డెబ్భై ఎనభై ఏళ్లు ఎవరికీ సరిగ్గా అంతుబట్టలేదు. 2013లో జపాన్, అమెరికా శాస్త్రవేత్తలు కవమురా, షూయె బృందం ఒక వివరణ ఇచ్చింది. కణాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉన్నప్పుడు "ఇక పెరగొద్దు" అని పట్టి ఉంచేది హిప్పో దారి. కణజాలాన్ని కోస్తే ఆ పట్టు తెగిపోతుంది. యాప్ అనే ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లి పెరుగుదల జన్యువుల్ని లేపుతుంది, పుటికలు కదులుతాయి. ముందు కత్తి పనిచేసింది, కారణం తర్వాత దొరికింది. ఇప్పుడు ఆ పాత ఆపరేషన్‌ చేయడం లేదు, లోపల అతుకులు పడతాయి.

ప్రశ్న: సికింద్రాబాద్ నుంచి. మా ఆవిడకు 31. పీసీఓఎస్, పెళ్లయి నాలుగేళ్లు. లెట్రోజోల్ రాశారు. మందుల షాపులో అబ్బాయి ఇది రొమ్ము క్యాన్సర్ మందండీ అన్నాడు. పైగా ఒకప్పుడు నిషేధించారట. వేయాలా వద్దా?

జవాబు: రెండు మాటలూ నిజమే, భయం మాత్రం అక్కర్లేదు. మన దేశంలో 2011లో సంతానలేమికి దీన్ని వాడొద్దన్నారు, తర్వాత ఆ నిషేధం ఎత్తేశారు. అరోమాటేజ్ అనే ఎంజైమ్‌ను ఆపడమే దీని పని. మగ హార్మోన్‌ను ఈస్ట్రోజెన్‌గా మార్చేది ఆ ఎంజైమే. రొమ్ము క్యాన్సర్‌లో ఈస్ట్రోజెన్‌ను ఏళ్లపాటు అణచడానికి ఇస్తారు. మీ ఆవిడకు ఇచ్చేది నెలలో అయిదు రోజులే. ఆ కొద్ది రోజులు ఈస్ట్రోజెన్ తగ్గగానే మెదడు ఉలిక్కిపడి ఎఫ్‌ఎస్‌హెచ్ ఎక్కువ పంపుతుంది. నిలబడిపోయిన పుటికల్లో ఒకటి కదులుతుంది. అండం విడుదలయ్యే సరికి మందు ఒంట్లో దాదాపు ఉండదు. 2014లో అమెరికాలో 750 మంది మీద క్లోమిఫెన్ అనే పాత మందుతో పోల్చి చూశారు. పిల్లలు పుట్టినవాళ్లు లెట్రోజోల్‌తో 27.5 శాతం, క్లోమిఫెన్‌తో 19.1 శాతం. గర్భం లేదని నిర్ధారించుకున్నాకే ప్రతి నెలా మొదలుపెట్టాలి, ఆ ఒక్కటి మరవకండి. అన్నట్టు, మీ వీర్యపరీక్ష అయిందా? ఉత్తరంలో రాయలేదు.

ప్రశ్న: నాకు 38, మల్కాజ్‌గిరి. ఇనోసిటాల్ పొడి నెలకు పద్దెనిమిది వందలు అవుతోంది. జిమ్‌కు పోయే తీరిక లేదు, ఇంట్లో అత్తమామలు, ఇద్దరు పిల్లలు. ఈ పొడితో పనవుతుందా?

జవాబు: ఇనోసిటాల్‌కు ఈ కథలో చోటుంది. పీఐ3కె పేరులో "ఐ" అదే, ఇన్సులిన్ కబురును కణం లోపల మోసే కొవ్వు అణువులో అది ఒక భాగం. దానితో హాని పెద్దగా కనిపించలేదు. కానీ నెలసరికి గానీ వెంట్రుకలకు గానీ మేలు చేస్తుందనే ఆధారం ఇప్పటిదాకా పలచగానే ఉంది. ఇంటి ఖర్చు బరువైతే ముందు మానగలిగింది అదే. మీ డాక్టరుగారితో చెప్పి మానండి.

జిమ్‌కు పోలేకపోయినా ఫర్వాలేదు. కండరానికి ఇంకో దారి ఉంది. కండరం ముడుచుకున్నప్పుడల్లా గ్లట్-4 సంచులు పైపొరకు వస్తాయి, ఇన్సులిన్ కబురు లేకుండానే. పూడిపోయిన పైపుతో పనిలేకుండా పక్కనుంచి నీళ్లు పట్టుకున్నట్టు. అందుకే తిన్న వెంటనే నడవడం మీకు మిగతావాళ్లకన్నా ఎక్కువ పనికొస్తుంది. మా చెల్లి ఇప్పుడు నాతోనే ఉంటుంది. మధ్యాహ్నం అన్నం తినగానే గిన్నెలు సింకులో వదిలేసి ఇద్దరం ఉస్మానియా క్యాంపస్‌లోకి వెళ్లి చెట్ల నీడన పదిహేను నిమిషాలు నడుస్తాం. రాత్రి మళ్లీ మిద్దె మీద పది చుట్లు. గిన్నెలు వచ్చాక తోముకుంటాం. మీ ఇంట్లో గిన్నెలు ఆ పావుగంట ఇంకెవరైనా చూసుకోగలరేమో అడగండి. వారానికి రెండు రోజులు నీళ్ల క్యాన్లు ఎత్తే బరువు పని కూడా కలిపితే మంచిది. ఉదయం దోసెల్లో బియ్యం తగ్గించి పెసలు వేసుకోండి. మూడు నెలల తర్వాత నడుము కొలతా, డేట్ వచ్చిన తేదీలూ రాసి పంపండి.